పెట్టె మీది తెలుగు

మన ఇళ్ళల్లో సరుకుకంటె పెట్టెకే ఆయుష్షు ఎక్కువ. బిస్కత్తులు వారంలో అయిపోతాయి. ఆ రేకుడబ్బాలో మాత్రం సూదులూ, గుండీలూ, దారపుకండెలూ ఇరవయ్యేళ్ళు కాపరం చేస్తాయి. మా అటకమీద ఒక మిక్సీ అట్టపెట్టె వుంది. అందులో వచ్చిన మిక్సీ పాతసామానువాడి బండి ఎక్కి మూడేళ్ళయింది. పెట్టె మాత్రం "ఎప్పటికైనా పనికొస్తుంది" అన్న ఒక్క మాటమీద బతికిపోతూ వుంది. మీ ఇంట్లోనూ ఇంతే కాబోలు.

పనిముట్ల పెట్టెకు ఆ యోగం లేదు. కాంట్రాక్టరు గ్రైండరు కొంటాడు. అది తిరుగుతుందో లేదో చూడటానికి దుకాణంలోనే పెట్టె చింపుతారు. మిషను సంచీలో పడుతుంది. పెట్టె గుమ్మం పక్కన పడుతుంది. దానితోబాటే, కంపెనీవారు ఆ పెట్టెమీద అచ్చువేయించిన జాగ్రత్తలన్నీనూ. మర్నాడు ఆ మిషను పట్టుకుని ఇనపకమ్మీ కోసే కుర్రవాడు ఆ పెట్టెను కంటితో చూసి వుండడు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకు అంటారేమో. మా కాలేజీలో బి.ఎస్‌సి. చదువుతూ రెండో భాషగా నా దగ్గర తెలుగు చదివిన కుర్రవాడొకడు, తరువాత పెట్టెలు తయారుచేసే విద్య నేర్చుకున్నాడు. అలాంటి విద్య ఒకటుందా అని ఆశ్చర్యపడకండి. దానికోసమే 1966లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ అనే సంస్థ పెట్టారు. హైదరాబాదులోనూ దాని శాఖ వుంది. ఇప్పుడు ఇతగాడికి పనిముట్ల కంపెనీలకు పెట్టెలు గీసియ్యటమే వృత్తి. ఒక గ్రైండరు పెట్టెమీద తెలుగు వాక్యాలు వేయాలి, కాస్త చూసిపెట్టమని వచ్చాడు.

"వాక్యాలు తరవాత చూద్దురుగాని మాస్టారూ, ముందు పెట్టెలు చూడాలి" అని నన్ను సికిందరాబాదు రాణీగంజికి తీసుకుపోయాడు. 

అక్కడి హార్డువేరు దుకాణాలు చూసినవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. నేలనుంచి కప్పుదాకా పెట్టెలే. కొనేవాడు కౌంటరు ఇవతల, పెట్టెలు అవతల. మధ్య నిచ్చెనమీద ఒక కుర్రాడు. పెట్టెకు ఆరు ముఖాలున్నా ఈ దుకాణంలో పైకి కనబడేది ఒక్కటే, అన్నిటికంటె చిన్నది, కొసముఖం. కంపెనీవారు పై మూతమీద రంగురంగుల బొమ్మ వేసి, మెరుగు పూసి, ఎంత ఖర్చుపెట్టినా అది మరో పెట్టె కింద చీకట్లో పడి వుంటుంది. కొసముఖంమీద కొలతా, మోడలు నంబరూ లావుపాటి అక్షరాలతో వుంటే నిచ్చెనమీది కుర్రాడు ఒక్క చూపులో లాగుతాడు. లేకపోతే దుకాణదారు స్కెచ్ పెన్నుతో తానే రాసుకుంటాడు. మా శిష్యుడు రాణీగంజిలో మొదట చూసేది ఆ స్కెచ్ పెన్ను రాతలనేనట. ఎక్కడ రాత కనిపిస్తే అక్కడ ఒక డిజైనరు పప్పులో కాలేశాడన్నమాట.

కొనేవాడే తిరిగి తీసుకునే పెద్ద దుకాణాల్లో లెక్క వేరు. అక్కడ అమ్మిపెట్టే మనిషి వుండడు గనుక పెట్టే మాట్లాడాలి. పానాలూ, కటింగు ప్లేయర్లూ పారదర్శకమైన ప్లాస్టిక్కు బుడగలో, అట్టకు అంటించి, కొక్కేలకు వేలాడుతూ వుంటాయి. చూడటానికి తేలిక, చేయటం కాదు. అర్ధకిలో సుత్తి వేలాడితే అట్టలోని కన్నం చిరుగుతుంది. కన్నం సరుకు బరువుకు సరిగ్గా నెత్తిమీద లేకపోతే సుత్తి పక్కకు వాలిపోతుంది. పైగా పనివాడు పిడి పట్టుకుని చూడందే కొనడు. అందుచేత పిడి మాత్రం బయటికి వచ్చేటట్టు కిటికీ వదలాలి. దొంగల భయం మరొకటి. ఆ భయంతోనే అమెరికాలో ప్లాస్టిక్కు చిప్పను చుట్టూ అతికించేసే పద్ధతి ప్రబలింది. కత్తెర వుంటేగాని కత్తెర పాకెట్టు తెరవలేని పరిస్థితి! జనం చేతులు కోసుకుని విసుగెత్తిపోయారు. 2008లో అమెజాన్ కంపెనీ విసుగు పుట్టించని పెట్టెలని ప్రత్యేకంగా ఒక పథకమే పెట్టిందంటే విసుగు ఏపాటిదో చూడండి.

అట్ట బలం సంగతి కూడా కొంచెం చెబుతాను. గీతలు గీతలుగా ముడతలు పెట్టిన కాగితాన్ని మధ్యన పెట్టి చేసే అట్ట వుందే, అది పుట్టింది పెట్టెకోసం కాదు. 1856లో ఇంగ్లండులో దొరల పొడుగు టోపీల లోపల వేయటానికి దానికి పేటెంటు తీసుకున్నారు. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ అనే ఆయన సీసాలకూ, దీపపు చిమ్నీలకూ చుట్టటానికి వాడాడు. నెత్తిమీదినుంచి దిగి ఇప్పుడు లోకాన్నంతా మోస్తూ వుంది. పనిముట్టు గాజులాగా పగలదు గనుక ఏ పెట్టయినా ఫరవాలేదనుకుంటాం. నిజానికి ఇనుము తాను పగలదుగాని పెట్టెను పగలగొడుతుంది. పెట్టె కింద పడితే లోపలి మిషను మూలను పొడుచుకుని బయటికి వస్తుంది. అందుకని పరీక్ష చేస్తారు. ఒక మూలమీద, ఆ మూలనుంచి బయలుదేరే మూడు అంచులమీద, ఆరు ముఖాలమీద, వెరసి పదిసార్లు పడవేస్తారు. పదికిలోల లోపు పెట్టెను 76 సెంటీమీటర్ల ఎత్తునుంచి. అంటే లారీనుంచి దింపే మనిషి నడుమెత్తు దగ్గర చేయి జారిందనుకోండి, అంత. ఇక తుప్పు. విశాఖపట్నంలాంటి సముద్రపుటూళ్ళలో పానాకు నూనె రాసి ప్లాస్టిక్కు సంచీలో పెట్టినా చాలదు. దీనికొక మందుకాగితం వుంది. అందులోని పదార్థం మెల్లగా ఆవిరై ఇనుముమీద కంటికి కనపడని పొరగా కూర్చుంటుంది. మన కలరా వుండలు పట్టుచీరెలను కాచే తీరే, వాసన లేకుండా.

ఇవన్నీ సరుకును కాపాడే విద్యలు. మనిషిని కాపాడే మాట దగ్గరకు వచ్చేసరికి పెట్టెమీద చోటు చాలదు.

గ్రైండరు చూసే వుంటారు. కిటికీ ఊచలు బిగించేటప్పుడు వీధంతా నిప్పురవ్వలు చిమ్ముతుందే, అది. నాలుగంగుళాల చిన్న గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి వేసే కోతబిళ్ళ, పనివాళ్ళ భాషలో డిస్కు, దాని అంచువేగం సెకండుకు 80 మీటర్లదాకా తట్టుకునేటట్టు చేస్తారు. గంటకు 288 కిలోమీటర్లన్నమాట. హైదరాబాదునుంచి విజయవాడకు గంటలో చేరే వేగం. నాలుగంగుళాల డిస్కయితే ఈ హద్దులోపలే తిరుగుతుంది. కాని లావు ఇనుము కోయాలని కొందరు గార్డు వూడదీసి, బుష్ ఒకటి ఇరికించి, ఏడంగుళాల డిస్కు అదే మిషనుకు బిగిస్తారు. ఆ డిస్కు 8,500 చుట్లు దాటకూడదు. ఇది 11,000 తిప్పుతుంది. అంచువేగం సెకండుకు నూరు మీటర్లు దాటుతుంది. వేగం పెరిగినకొద్దీ డిస్కును చీల్చే బలం అంతకంతకు వర్గంలో పెరుగుతుంది గనుక, అది ఒకటిన్నర రెట్లకు మించిపోతుంది. అది పగిలినప్పుడు ముక్కలు వెళ్ళే దారిలో ఒక ముఖం వుంటుంది. ముందు వుండవలసిన గార్డును తామే తీసేశారాయె.

ఈ సంగతి ఆ పెట్టెమీద వుంది. ఇంగ్లీషులో, చీమలబారులాగా, అడుగుముఖంమీద. మన చట్టం దీనికి అడ్డుచెప్పదు. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకెట్ల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, ధరలాంటి వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో వుండితీరాలి. వేరే భాష వేస్తే వేయవచ్చు, అంతే. ఆ 'వేస్తే'లోనే మన తెలుగు వుంది.

ఇంతకుముందు కంపెనీవారు ఎవరిచేతనో తెలుగు చేయించారు. శిష్యుడు చూపించాడు: "యంత్ర వినియోగ సమయమున నేత్ర రక్షక ఉపకరణ ధారణ అనివార్యము." సంధులలోగాని సమాసాలలోగాని వంక పెట్టటానికి లేదు. క్లాసులో అయితే మార్కులు వేస్తాను. ఆటోనగరులో ఈ వాక్యం చదివి కళ్ళద్దాలు పెట్టుకునే మనిషిని మాత్రం నాకు చూపించాలి.

కూర్చుని రాయటం మొదలుపెట్టాం. చిన్న వాక్యమే, పూట పట్టింది. 'గార్డు' అన్న మాట మార్చకూడదన్నాను. 'రక్షణ కవచం' అంటే కర్ణుడు గుర్తొస్తాడుగాని గ్రైండరు గుర్తురాదు. ఇక క్రియ. 'తీయకు' అంటే నలభయ్యేళ్ళ మేస్త్రీని పెట్టె నువ్వు అన్నట్టు. 'తీయకండి' మర్యాదేగాని బతిమాలినట్టుంది. 'తీయరాదు' అంటే కచేరీ గోడమీది బోర్డు. చివరికి 'తీయొద్దు' దగ్గర ఆగాం. అది ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాట. చిన్నా పెద్దా ఎవరికైనా చెల్లుతుంది.

అప్పుడు శిష్యుడు కొత్త చిక్కు తెచ్చాడు. ఈ ముతక అట్టమీద రబ్బరు అచ్చుతో వేస్తారట. సిరా పాకుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు తట్టుకుంటాయి. మన అక్షరాలకు పైన తలకట్టు, పొట్టలో చుక్క, కింద వత్తు. ఒకటికి మూడంతస్తులు. చిన్న సైజులో ప, వ, మ ఒక్క ముద్దగా కనిపిస్తాయి. "వత్తులు తక్కువున్న మాటలు చెప్పండి మాస్టారూ" అన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ ఇలాంటి కోరిక కోరలేదు. 'కళ్ళద్దాలు' అంటే రెండు వత్తులు. 'అద్దాలు' అంటే ఒకటే. పక్కన కళ్ళజోడు పెట్టుకున్న తల బొమ్మ వుంటుంది గనుక కళ్ళు అని చెప్పనక్కరలేదు. నీలపు గుండ్రంలో తెల్లబొమ్మ వుంటే 'ఇలా చేసితీరాలి' అని అన్ని దేశాల ఒప్పందమట. అక్షరం రానివాడికి అదే అక్షరం.

మొత్తానికి నాలుగు ముక్కలు తేలాయి. గార్డు తీయొద్దు. అద్దాలు పెట్టుకోవాలి. 4 అంగుళాల డిస్కే వేయాలి. తేదీ దాటిన డిస్కు వాడొద్దు.

కంపెనీలో అమ్మకాల అధికారి మొదటి మూడూ ఒప్పుకున్నాడు. చోటు మాత్రం పెట్టెమీద కాదు. పెట్టె గుమ్మం దాటదు గనుక మిషను ఒంటిమీదే చీటీగా అంటించాలని మా వాడు పట్టుబట్టాడు, నెగ్గాడు. పెట్టె గీసేవాడు పెట్టెను కాదని వాదించటం నాకు ముచ్చటేసింది.

నాలుగోది ఇంకా తేలలేదు. డిస్కులోని జిగురు కాలంతోనూ తేమతోనూ బలం తగ్గుతుంది. ఐరోపా ప్రమాణం ప్రకారం మూడేళ్ళకు మించి వాడకూడదు. ఆ తేదీ నడిమి రేకుచక్రంమీద పొడిచి వుంటుంది, భూతద్దం పెడితే కనిపిస్తుంది. పెద్దక్షరాలతో వేసేది డబ్బామీద. కాని డబ్బా దుకాణదారుది. కొనేవాడు రెండు డిస్కులు అడుగుతాడు, విడిగా తీసి న్యూస్‌పేపరులో చుట్టి ఇస్తారు. అందుకని శిష్యుడు అయిదేసి డిస్కుల చిన్నపొట్లం ఒకటి గీశాడు, తేదీ నాలుగు పక్కలా కనబడేటట్టు. నమూనా పట్టుకుపోయి రాణీగంజిలో చూపించాడు. దుకాణదారు తిప్పి తిప్పి చూసి, బాగుందని మెచ్చుకుని, "రెండే కావాలన్నవాడికి ఏం చెయ్యను?" అని అడిగాడట. మా వాడు మళ్ళీ గీస్తున్నాడు.