అచ్చు తప్పా... సుత్తి దెబ్బా?

పూజగదిలో కుంకుమ భరిణె పక్కన ఒకటి, బీరువా అరలో గుడ్డమూటలో నాలుగు, పిల్లల హుండీలో గుప్పెడు... పాత నాణేలు లేని ఇల్లు ఉండదేమో! వాటిలో ఏదో ఒకటి అంచు తెగిపోయో, బొమ్మ చెదిరో కనిపిస్తుంది. 'ఇలాంటి వాటికి లక్షలిస్తారట' అని ఎవరో ఒకరు అననే అంటారు. టంకశాలలో పొరపాటున తయారైన నాణేలను సేకరణకర్తలు ఇష్టంగా కొనే మాట నిజమే. కానీ ఒక్క షరతు... ఆ తప్పు టంకశాలలోనే జరిగి ఉండాలి. గడప దాటాక తగిలిన దెబ్బకు విలువ రాదు సరికదా, ఉన్న విలువ కూడా పోతుంది.

మరి తేడా తెలిసేదెలా? నాణెం ఎలా పుడుతుందో తెలిస్తే చాలు.

పుట్టుక ఇలా...

1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారిన మన హైదరాబాద్ టంకశాలైనా, ముంబయి, కోల్‌కతా, నోయిడాల్లోని టంకశాలలైనా పద్ధతి ఒకటే. పరిచిన పిండిని గిన్నెతో గుండ్రంగా కోసి పూరీలు తీసినట్టు, లోహపు రేకు నుంచి బిళ్లలు కోస్తారు. వాటి అంచును కాస్త పైకి లేపుతారు. ఆ బిళ్లను ఒక కంకణంలో ఉంచి, పైనా కిందా రెండు అచ్చులతో బలంగా నొక్కుతారు. అచ్చులో గుంటగా ఉన్నది నాణెం మీద ఉబ్బుగా వస్తుంది. అసలు కిటుకంతా ఇందులోనే ఉంది!

ఉబ్బా... గాటా?

నాణెం మీద అడ్డంగా ఒక గీత ఉందనుకోండి. గోటితో మెల్లగా తడమండి. ఉబ్బుగా తగిలితే, అచ్చుకు పగులు వచ్చి ఆ సందులోకి లోహం చొరబడి ఉండొచ్చు. అది టంకశాల తప్పే. లోపలికి దిగి ఉంటే మాత్రం ఎక్కువసార్లు అది బయట పడ్డ గాటే.

అంచు తెగితే...

రేకు మీద అప్పటికే బిళ్ల తీసిన చోట మళ్లీ కోత పడితే, కొరికిన బిస్కెట్‌లా అంచు వంపుగా పోతుంది. అలాంటప్పుడు సరిగ్గా ఎదుటి వైపు అంచు చూడండి. అక్కడ కూడా అంచు పలచగా, సరిగా లేవనట్టు ఉంటే నమ్మకం కుదురుతుంది. బిళ్లలో ఒక పక్క వెలితి ఉంటే, అంచు లేపే యంత్రం ఎదుటి పక్కన సరిగా నొక్కలేదు మరి! ఎదుటి అంచు నిక్షేపంగా ఉండి, తెగిన చోట ఆకురాయి గీతలు కనిపిస్తే ఎవరో అరగదీశారన్నమాట.

అద్దంలో బొమ్మ

కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తర్వాత వచ్చే బిళ్ల మీద దాని బొమ్మ తిరగబడి, గుంటగా పడుతుంది. ఇది అరుదైన తప్పు. అయితే రెండు నాణేలను కలిపి బిగింపులో గట్టిగా నొక్కినా ఇలాంటి గుర్తే పడుతుంది. అప్పుడు నాణెం సొంత బొమ్మ కూడా నలిగి అక్కడే కనిపిస్తుంది. నలిగిన బొమ్మ మీద తిరగబడ్డ బొమ్మ ఉందంటే అనుమానించాల్సిందే.

పది రూపాయల మాయ

రెండు రంగుల పది రూపాయల నాణెంలో నడిమి బిళ్ల బోర్లాపడి ఉన్నవి చూపించి ఆశపెడతారు. బయటి కంకణం, నడిమి బిళ్ల ఒకే దెబ్బకు కలిసి, ఆ దెబ్బకే రెండింటి మీదా ముద్ర పడుతుంది. కాబట్టి ముద్రపడిన నడిమి బిళ్ల ఒక్కటే తిరగబడటం టంకశాలలో జరగదు. ఎవరో ఊడదీసి తిప్పి పెట్టిందే!

తూచి చూడండి

1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011లో వచ్చిన చిన్న రూపాయి 3.79 గ్రాములే. ఇది తప్పు కాదు, మార్చిన కొలత. నాణెం సన్నబడి, అక్షరాలు కరిగినట్టుండి, బరువు బాగా తగ్గితే ఆమ్లంలో ముంచారేమోనని చూడాలి. రైలు పట్టాల మీద పెట్టి సాగదీసిన నాణేనికి బరువు తగ్గదు, రూపమే పోతుంది.

తాతల నాటి వెండి రూపాయి 11.66 గ్రాములు. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి, తర్వాత తీసేసినవి చాలా ఇళ్లలో ఉంటాయి. పైఅంచున టంకం మచ్చ కనిపిస్తుంది. అదీ దెబ్బ కిందే లెక్క. చింతపండుతో తళతళా తోమినా సేకరణకర్త దృష్టిలో ధర తగ్గుతుంది. వెండి విలువ, అమ్మమ్మ జ్ఞాపకం మాత్రం ఎక్కడికీ పోవు.

ముందు రుసుము అడిగితే...

ఫొటో పంపితే చాలు, లక్షలకు కొంటామంటారు. తర్వాత రుసుమనీ, కమీషననీ, పన్ననీ ముందే డబ్బు కట్టమంటారు. రిజర్వ్ బ్యాంకు పేరు, గుర్తు కూడా వాడేస్తారు. ఇలాంటి వ్యవహారాలతో తమకు సంబంధం లేదని, ఎవరూ మోసపోవద్దని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. నిజంగా కొనేవాడు నాణెం చేతిలోకి తీసుకుని చూస్తాడు, డబ్బు తనే ఇస్తాడు.

ఒక భూతద్దం, గ్రాముల్లో వందో వంతు చూపే చిన్న త్రాసు, అదే రకం మామూలు నాణెం ఇంకొకటి... ఈ మూడూ ఉంటే ఇంట్లోనే సగం తేలిపోతుంది. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ రోజే హుండీ బోర్లించండి. లక్షలు రాకపోయినా, ఆ మాట చెప్పి మోసం చేసేవాళ్లను గుర్తుపట్టే తెలివి పిల్లలకు వస్తుంది!