బ్యాటరీ మారిందని కారుకు చెప్పేదెవరు?

మోటారు కారులో బ్యాటరీ మార్చడం చాలాకాలం పాటు పది నంబరు పానాతో మొదలై ఆ పానాతోనే ముగిసిన పని. ముందు నెగెటివ్ తీగను, తర్వాత పాజిటివ్ తీగను విప్పి, అడుగున బిగించిన క్లాంపును వదులు చేసి, పాతదాన్ని ఎత్తి పక్కన పెట్టి, కొత్తదాన్ని కూర్చోబెట్టి, ఈసారి పాజిటివ్‌ను ముందు, నెగెటివ్‌ను చివర బిగిస్తే, సెల్ఫ్ తీసుకుందో లేదో చూసుకుని యజమాని తన దారిన వెళ్ళిపోయేవాడు. గత ఇరవయ్యేళ్ళలో వచ్చిన కొన్ని కార్లలో ఈ పనికి మరో అంచె చేరింది: బ్యాటరీ మారిన సంగతిని స్కానరు ద్వారా కారులోని కంప్యూటరుకు తెలియజేయాలి. వాడుకలో దీన్నే 'బ్యాటరీ కోడింగ్' అంటున్నారు. విజయవాడ జాతీయ రహదారి మీద హయత్‌నగర్ దాటి పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్‌ల మీదుగా సాగే దారిలో, ఫిల్మ్‌సిటీకి వచ్చే సందర్శకుల కార్ల నుంచి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు వచ్చే సరుకు బండ్ల దాకా అన్నీ ఆగే చోట, బ్యాటరీ డౌనైన కారుకు కొత్త బ్యాటరీ దొరకడం కష్టం కాదు. దాన్ని కారు చేత ఒప్పించడమే ఇప్పుడు కష్టంగా మారింది.

ఈ అంచె ఎందుకు వచ్చిందో తెలియాలంటే కారు విద్యుత్తును ఎలా వాడుకుంటుందో చూడాలి. మామూలు సీసం-ఆమ్లం బ్యాటరీలో రెండేసి వోల్టుల పైచిలుకు గదులు ఆరుంటాయి. నిండుగా ఛార్జయి కాసేపు విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది, 12కు దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. పాత కార్లలో ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటరు, అంటే ఇంజను తిప్పే విద్యుజ్జనకం, 14 వోల్టుల దరిదాపుల్లో ఒకే తీరుగా ఛార్జి చేసేది. కొత్త కార్లలో ఇంధనం ఆదా చేయడం కోసం ఎప్పుడు ఎంత ఛార్జి చేయాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. దానికి సమాచారం అందించేది నెగెటివ్ టెర్మినల్ క్లాంపును అంటిపెట్టుకుని ఉండే, అగ్గిపెట్టె కంటే పెద్దది కాని ఒక సెన్సరు. అది విద్యుత్ ప్రవాహాన్ని, వోల్టేజిని, ఉష్ణోగ్రతను నిరంతరం కొలుస్తూ బ్యాటరీ ఎంత నిండి ఉందో, ఎంత ముసలిదైందో లెక్క కట్టడానికి తోడ్పడుతుంది. ఆ లెక్క చాలావరకు గతం మీద ఆధారపడినది కనుక, పాతది తీసి కొత్తది పెట్టినా కంప్యూటరు ముసలి బ్యాటరీనే సాకుతున్నాననుకుని దానికి తగ్గట్టే ఛార్జి చేస్తూ పోయే అవకాశం ఉంది.

ఇక్కడ రెండు వేర్వేరు పనులను ఒకే మాట కింద కలిపేయడం వల్ల గందరగోళం పుడుతోంది. పాతదాని స్థానంలో అదే రకం, అదే సామర్థ్యం గల బ్యాటరీని పెట్టి 'కొత్తది వచ్చింది, లెక్క మొదటి నుంచి మొదలుపెట్టు' అని చెప్పడం నమోదు. సామర్థ్యమో రకమో మారినప్పుడు, ఉదాహరణకు 90 ఆంపియర్-గంటల బ్యాటరీ బదులు 80ది పెట్టినప్పుడు, కంప్యూటరులోని ఆ విలువనే మార్చడం అసలైన కోడింగ్. బీఎండబ్ల్యూ కార్లలో నమోదు చాలాకాలంగా ఉన్నదే; చాలా ఆడి నమూనాలు సామర్థ్యంతో పాటు తయారీదారు సంకేతాన్ని, బ్యాటరీ క్రమ సంఖ్యను కూడా అడుగుతాయి. మొదటి పని మరచినా కారు కదలకుండా పోదు, ఆ క్షణాన ఏ తేడా కనబడదు. కొత్త బ్యాటరీ ఆయుష్షు మెల్లగా తరిగిపోతుంది. రెండో పనిలో పొరపాటు మరింత ఖరీదైనది. ఏజీఎం అనే రకంలో ఆమ్లాన్ని గాజు నార పొరలు పీల్చి పట్టి ఉంచుతాయి. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తాను ఆగి మళ్ళీ మొదలయ్యే కార్లకు ఇదో, మెరుగుపరచిన తడి బ్యాటరీయో ఉండాలి. ఏజీఎం స్థానంలో చవకగా దొరికిందని మామూలు తడి బ్యాటరీని కూర్చోబెట్టి కారుకు ఆ మాట చెప్పకపోతే, ఏజీఎంకు తగిన ఎక్కువ వోల్టేజి దాని మీద పడి లోపలి నీరు ఆవిరై, పలకలు దెబ్బతింటాయి.

అయితే బ్యాటరీకి తనదైన కోడ్ ఒకటి ఎప్పటి నుంచో ఉంది, దాన్ని చదవడానికి ఏ స్కానరూ అక్కర్లేదు. డబ్బా మీద 38బి20ఎల్ అని ఉంటే, 38 దాని పనితీరు స్థాయి, బి దాని వెడల్పు-ఎత్తుల తరగతి, 20 సెంటీమీటర్లలో పొడవు, చివరి ఎల్ టెర్మినల్ ఏ వైపు ఉందో చెప్పే అక్షరం. దుకాణంలో కుర్రవాడు బానెట్ ఎత్తి ఒక్క చూపులో ఈ అక్షరాలను చదివి, తీగ అందుతుందో లేదో కూడా చెప్పగలడు. జపాన్ నుంచి వచ్చిన ఆ సంకేతం అందరిదీ కాగా, కారు అడిగే సంకేతం మాత్రం ఒక్కో కంపెనీ సొంత భాషలో ఉంది. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్ అన్ని కార్లకూ ఒకటే, పొగ కాలుష్యానికి సంబంధించిన లోపాలను ఏ సాధారణ స్కానరైనా అక్కడ చదవవచ్చు. బ్యాటరీ నమోదు ఆ ఉమ్మడి భాషలో లేదు. రోడ్డు పక్క మెకానిక్ చేతికి తాళపు చెవి అందనిది అక్కడే.

ఈ తాళానికి కంపెనీలు చెప్పే సమర్థన భద్రత. అందులో కొంత నిజముంది: ఆ సాకెట్ ద్వారానే కొత్త తాళపు చెవిని కారుకు పరిచయం చేసి బండిని ఎత్తుకుపోయే దొంగలు లోకంలో ఉన్నారు కనుక, తాళపు చెవుల వ్యవహారాన్ని కట్టుదిట్టం చేయడం సబబే. బ్యాటరీ సామర్థ్యం 80 అని రాయనివ్వకపోతే ఏ దొంగ ఆగుతాడో మాత్రం ఎవరూ వివరించలేదు. భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా విధిస్తూ, విడిభాగాలనూ లోపాలు పట్టే పరికరాలనూ బయటి మెకానిక్‌లకు అందకుండా చేయడాన్ని తప్పుపట్టింది. వ్యవహారం అప్పీళ్ళకెక్కింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు' మీద ఒక సంఘాన్ని వేసి, ఆ ఏడాది చివర పోర్టల్ కూడా తెరిచింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ఇందుకు చట్టం చేసింది. ఇక్కడ కావలసింది అంత పెద్ద చట్టం కూడా కాదు. కారు తెర మీదనే యజమాని నొక్కగలిగే ఒక మెను చాలు.

అది సాధ్యమేనని చూపే కార్లు మన రోడ్ల మీదే తిరుగుతున్నాయి. ఇంజను ఆగి మొదలయ్యే సౌకర్యమున్న కొన్ని హ్యుందాయ్, కియా నమూనాలలో బ్యాటరీ మార్చాక కారును దాదాపు నాలుగు గంటలు ఆపి ఉంచి, తర్వాత ఇంజనును రెండు మూడుసార్లు ఆన్, ఆఫ్ చేస్తే సెన్సరు తనంతట తానే సర్దుకుంటుందని యజమాని పుస్తకంలోనే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే, ఈ దారిన పోయే చిన్న కార్లలో చాలావాటికి కోడింగే అక్కర్లేదు. అక్కర్లేని కారుకు కూడా 'కోడింగ్ చేయాలి సార్' అని స్కానరు తగిలించి, రెండు లైట్లు వెలిగించి, డబ్బు తీసుకునే పద్ధతి కూడా మొదలైంది. తాళం వేసిన చోట దొంగ తాళపు చెవుల వ్యాపారం పుట్టడం విడ్డూరమేమీ కాదు.

తెలుగు నేలకు బ్యాటరీ కొత్తది కాదు. గల్లా రామచంద్రనాయుడు 1985లో నెలకొల్పిన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గరి కరకంబాడి నుంచి దేశమంతటా అమరాన్ బ్యాటరీలను అమ్ముతోంది. అదే సంస్థ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కోసం 2023లో పునాది వేసింది. తయారీ ఇంత దగ్గరగా ఉన్నా వాడకంలో పాటించవలసినవి చాలామందికి చేరలేదు. చలిదేశాలలో బ్యాటరీ శీతాకాలంలో మొరాయిస్తుంది, ఇక్కడ దాన్ని అసలు చంపేది ఏప్రిల్, మే నెలల ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి క్షయం దాదాపు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రపు మోటు లెక్క. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి ఆరు నెలలకు తిరిగి వచ్చే తల్లిదండ్రుల కారు సెల్లార్‌లో నిద్రపోతున్నప్పుడు కూడా గడియారం, అలారం, తాళపు రిసీవరు కలిసి 30 మిల్లీ ఆంపియర్లు పీలుస్తున్నాయనుకుంటే, నెలకు 21.6 ఆంపియర్-గంటలు, అంటే 45 ఆంపియర్-గంటల బ్యాటరీలో దాదాపు సగం. అలాంటి కారుకు జంపర్ కేబుల్ తగిలించేటప్పుడు నల్ల తీగను బ్యాటరీ నెగెటివ్ మీద కాక ఇంజను ఇనుముకు గాని, అందుకోసం ఇచ్చిన బోల్టుకు గాని పట్టించాలి. అప్పుడు విద్యుత్తు సెన్సరు గుండా పోయి లెక్కలోకి వస్తుంది.

మెను వచ్చేదాకా దుకాణదారు చేయగలిగిన పని ఒకటుంది. బిల్లు మీద ధర, గ్యారంటీ నెలలు మాత్రమే రాసి ఇవ్వకుండా, తీసిన బ్యాటరీ రకం, సామర్థ్యం, పెట్టినదాని రకం, సామర్థ్యం, క్రమ సంఖ్య, ఆనాటి కిలోమీటర్లు, కారుకు నమోదు చేశారా లేదా అన్న మాట రాసి ఇస్తే, మూడేళ్ళ తర్వాత సూర్యాపేటలోనో విజయవాడలోనో బానెట్ ఎత్తిన మరో మెకానిక్ ఊహ మీద పని చేయనక్కర్లేదు.