నాకున్నది ఎవరిది?

వాక్యభాగము: లేవీయకాండము 25:23, లూకా 12:13-21, అపొస్తలుల కార్యములు 3:1-10, 4:32-37



మన కొండ గ్రామాలలో ఇంగ్లీషు చదువుకుంటున్న పిల్లలు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నారు. ఆశ్రమ పాఠశాల నుండి సెలవులకు వచ్చిన బిడ్డ పుస్తకం తెరిస్తే మొదటి పాఠాలలోనే ‘ఐ హావ్’ అనే రెండు మాటలు కనిపిస్తాయి. ఐ హావ్ ఎ బుక్. ఐ హావ్ ఎ బ్రదర్. ఐ హావ్ ఫీవర్. పుస్తకానికీ అన్నకూ జ్వరానికీ ఒకటే క్రియ! ‘హావ్ టీ’ అంటే టీ త్రాగండి అని అర్థం. ‘ఐ హావ్ టు గో’ అంటే నేను వెళ్ళాలి అని అర్థం. అందుకే పిల్లలు ఈ మాట దగ్గర తడబడతారు. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అని వ్రాసి మాస్టారి చేత దిద్దించుకుంటారు.

ఈ తడబాటుకు కారణం పిల్లల తెలివితక్కువ కాదు. మన ఇంటి మాటలో ఆ క్రియే లేదు. ఇంగ్లీషువాడు ‘నేను’ అని మొదలుపెట్టి, తరువాత వస్తువును పట్టుకుంటాడు. మనం ‘నాకు’ అని మొదలుపెడతాం. ‘నాకు ఒక అన్న ఉన్నాడు’ అన్నప్పుడు ఆ వాక్యానికి కర్త ఎవరు? అన్న. ఉన్నవాడు అతడు. నేను ‘కు’ అనే విభక్తి తగిలించుకొని ప్రక్కన నిలబడ్డాను. ‘నాకు జ్వరం వచ్చింది’, ‘నాకు ఆకలి వేసింది’, ‘నాకు చదవడం వచ్చు’ అన్నా అంతే. అవి వచ్చాయి, నేను అందుకున్నాను. మన పొరుగున ఉన్న ఒడియాలో ‘మోర’, అంటే ‘నా’ అని మొదలుపెట్టి, నా పిల్లలు ఇద్దరు ఉన్నారు అన్నట్టుగా చెబుతారు. హిందీలోనూ ‘హావ్’ వంటి క్రియ లేదు.

మన తెలుగు బైబిలులో ‘కలిగియున్నాడు’ అనే మాట తరచుగా వస్తుంది. అది గ్రంథభాషలో ఏర్పడిన మాట. సంతలో నిలబడి ‘నేను రెండు మేకలను కలిగియున్నాను’ అంటే నవ్వుతారు. ‘నాకు రెండు మేకలున్నాయి’ అంటే బేరానికి వస్తారు.

లేఖనములు వ్రాయబడిన భాషలు

పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాష ఈ విషయంలో మన భాషకు దగ్గర బంధువువలె కనిపిస్తుంది. హెబ్రీలో కూడ ‘హావ్’ వంటి క్రియ లేదు. ‘యేష్ లీ’ అంటారు. ‘ఉంది నాకు’ అని దాని అర్థం. 24వ కీర్తన మొదటి వచనంలో భూమి ఎవరిదో చెప్పడానికి దావీదు వాడినది ఆ ‘కు’ విభక్తినే. అక్కడ మొదట వచ్చే పేరు యెహోవాది, తరువాత భూమి. లేవీయకాండము 25:23లోనూ అంతే. దేవుడు ‘నాకు’ అని చెప్పి భూమిని చూపిస్తున్నాడు.

క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకులో రెండు విధాలూ ఉన్నాయి. ‘ఎఖో’ అనేది ఇంగ్లీషు ‘ఐ హావ్’ వంటిది. ‘నాకు ఉంది’ అని చెప్పే పద్ధతీ ఉంది. లూకా 12లోని ధనవంతుని చూడండి. పంట సమకూర్చుకొనే చోటు లేదని చింతించినప్పుడు ‘ఎఖో’ అనే క్రియనే వాడతాడు. తన ప్రాణంతో మాట్లాడుతూ నీకు విస్తారమైన ఆస్తి ఉందని చెప్పినప్పుడూ ఆ క్రియే. నా పంట, నా కొట్లు, నా ధాన్యము, చివరికి నా ప్రాణము! ఆ రాత్రే ప్రాణాన్ని తిరిగి అడిగినప్పుడు, అతడు పట్టుకున్నామనుకున్నవన్నీ ఎవరికో మిగిలిపోయాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన వ్యాకరణం బాగుంది గనుక మన హృదయం కూడ బాగుందని ఎవరూ అనుకోవద్దు. ‘ఐ హావ్’ అనే భాష మాట్లాడేవారిలో ధారాళంగా ఇచ్చేవారు ఎందరో ఉన్నారు. ‘నాకు ఉంది’ అనే మనలో గట్టు కోసం అన్నదమ్ములు కొట్టుకున్న ఇళ్ళూ ఉన్నాయి. అయినా రోజూ మన నోటితో చెప్పే మాటను మనం ఒకసారి చెవులారా వింటే, అది మనకు మూడు సంగతులు నేర్పిస్తుంది.

1. భూమి నాకు ఉంది

ఏజెన్సీలో పుట్టిన మనకు ఈ సంగతి చట్టం కూడ చెబుతోంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. అందుకే దానిని 1/70 అంటాం. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు బదలాయించడానికి వీలులేదని దాని సారాంశం. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద వేసిన ‘సమత’ కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడ గిరిజనేతర కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం క్రింద ఇచ్చే పోడు పట్టా పిల్లలకు వారసత్వంగా వస్తుంది, కాని దానిని అమ్మడానికి వీలులేదు.

ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఏర్పాటుకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. భూమిని శాశ్వతంగా అమ్మివేయకూడదు, ఎందుకంటే భూమి నాది, మీరు నా దగ్గర పరవాసులు అన్నది ఆయన మాట సారాంశం. భూమి మనకు ఉంది. దున్నవచ్చు, తినవచ్చు, బిడ్డలకు అప్పగించవచ్చు. కాని అప్పు తీర్చలేక కాగితం మీద ఒకరి పేరు ఉంచి, పొలంలో మరొకరి చెయ్యి పెట్టించే బేనామీ బేరాలు మన ప్రాంతంలో జరగడం లేదా? ఆ సంతకం పెట్టేవాడు తనది కాని దానిని, ఇంకా పుట్టని మనవల అన్నాన్ని అప్పగిస్తున్నాడు. సంతకానికి ముందు సంఘ పెద్దలతో ఒక్క మాట చెప్పండి. అప్పుల్లో ఉన్న సహోదరునికి ఆ సమయంలో సంఘం తోడు నిలవాలి.

అటవీ హక్కుల చట్టంలో మరొక మంచి మాట ఉంది. పెళ్ళయినవారికి పట్టా భార్యాభర్తలిద్దరి పేరున ఇవ్వాలి. కాబట్టి సహోదరుడా, ‘నా భూమి’ అనే ముందు నీ ప్రక్కన కూర్చున్న సహోదరి ముఖం చూడు. కాఫీ పండ్లు కోసిన చేతులు ఆమెవి కూడ. అమ్మిన డబ్బు ఎంతో, ఎక్కడికి పోయిందో ఆమెకు చెప్పకపోవడం అన్యాయము.

2. మనుషులు నాకు ఉన్నారు

తెలుగులో మరొక అందమైన తేడా ఉంది. ‘నాకు అమ్మ ఉంది’ అంటే నా తల్లి బ్రతికి ఉందని అర్థం. ‘నా దగ్గర అమ్మ ఉంది’ అంటే ఆమె నా ఇంట, నా పోషణలో ఉందని అర్థం. ఇంగ్లీషులో ‘ఐ హావ్ ఎ మదర్’ అంటే ఈ రెండవ సంగతి తెలియదు. మన భాషలో తెలిసిపోతుంది.

విశాఖపట్నంలోనో, ఇంకా దూరంలోనో పని చేసుకునే బిడ్డలందరూ తల్లిని వెంట తీసుకువెళ్ళలేరు. కొండను విడిచి రావడం ఆ తల్లులకే ఇష్టం ఉండదు. నేను వారిని గద్దించడం లేదు. కాని ‘నాకు అమ్మ ఉంది’ అని చెప్పుకొంటూ, ఆమె మందుబిళ్ళలు ఎవరు తెచ్చిస్తున్నారో తెలియకుండా ఉంటే, ఆ వాక్యంలో తప్పు ఉంది. మార్కు 7లో తల్లిదండ్రులకు చెందవలసిన దానిని ‘దేవునికి అర్పితము’ అని చెప్పి తప్పించుకున్నవారిని ప్రభువు గద్దించాడు. కానుకల సంచిలో వేసిన నోటు అమ్మ మందుల చీటీకి బదులు కాదు.

3. నాకున్నది ఇవ్వడానికి ఉంది

శృంగారమను దేవాలయ ద్వారము దగ్గర కుంటివాడు చెయ్యి చాచాడు. పేతురు అతనితో చెప్పిన ఒక్క వాక్యంలో గ్రీకులోని రెండు పద్ధతులూ వచ్చాయి. వెండి బంగారముల సంగతి చెప్పేటప్పుడు అవి ‘నాకు లేవు’ అనే పద్ధతిలో, మన తెలుగువలెనే చెప్పాడు. ఆ వెంటనే ‘ఎఖో’ అన్నాడు. ఆ ‘ఐ హావ్’ తరువాత వచ్చిన క్రియ ఏమిటి? ఇవ్వడం! ధనవంతుని ‘ఎఖో’ కొట్లు కట్టడానికి దారి తీసింది, పేతురు ‘ఎఖో’ ఒకని చెయ్యి పట్టుకొని లేపడానికి దారి తీసింది. మాట ఒక్కటే, దారులు రెండు.

తరువాతి అధ్యాయంలో విశ్వాసులు తమకున్నవాటిని ‘నాది’ అని చెప్పుకోలేదని లూకా వ్రాశాడు. అక్కడ ఆయన వాడినది కూడ ‘తనకు ఉన్నవి’ అనే పద్ధతే. అంటే పొలం ఉండటం పాపం కాదు. అననీయతో పేతురు, అమ్మకముందు అది నీదే, అమ్మిన తరువాత డబ్బు కూడ నీ అధీనములోనే ఉంది కదా అన్నాడు. అతని పాపం అబద్ధము. బర్నబా పొలం అమ్మాడు గనుక మీరూ భూమి అమ్మి కానుక తెండి అని ఎవరైనా మన గ్రామాలలో బోధిస్తే వినకండి. మీకున్నదానిలో నుండి ఇవ్వండి. ఒక మానిక రాగులు, ప్రక్కవారి తోటలో ఒక రోజు పని, చదవలేని పెద్దాయనకు పట్టా కాగితం చదివి చెప్పడం, ఇవన్నీ ఇవ్వదగినవే.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో

ఒక సాయంకాలం పిల్లల చేత ‘ఐ హావ్’ అని మొదలయ్యే ఐదు వాక్యాలు ఇంగ్లీషులో వ్రాయించండి. వాటిని తెలుగులో, మీ ఇంట్లో కువి గాని ఒడియా గాని మాట్లాడితే ఆ భాషలో, పెద్దలు చెప్పండి. తరువాత ఒక్కొక్క వాక్యానికీ ఈ రెండు ప్రశ్నలు వేయండి: ఇది మనకు ఎవరి ద్వారా వచ్చింది? ఇది ఎవరి కోసం మన దగ్గర ఉంది?

ప్రార్థన: తండ్రీ, మాకున్నవన్నీ నీ చేతి నుండి వచ్చినవే. వాటిని పట్టుకొని కూర్చోకుండా, అమ్ముకొని పోగొట్టుకోకుండా, అవసరమైనవారికి అందించే మనసు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.