బిస్మార్క్ చేతికి కొరడా ఇచ్చిందెవరు?

సీబీఎస్ఈ చైర్‌పర్సన్ గారికి, పదో తరగతి సాంఘిక శాస్త్రం ప్రశ్నపత్రం తయారుచేసే పెద్దలకు,

బిలాస్‌పూర్ తోర్వాలో సాయంత్రం పూట పిల్లలకు చరిత్ర చెప్పుకునేవాణ్ణి. నా దగ్గరికొచ్చేది ఎక్కువగా రైల్వే పిల్లలు. వీళ్ల ముత్తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య నలిగే పిల్లలకు బొమ్మ చూసి రాయమంటే హాయిగా ఉండాలి. మార్కులు పోయేది మాత్రం సరిగ్గా అక్కడే.

ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకంలో ప్రష్యా ప్రధాని బిస్మార్క్ కార్టూన్ ఉంది కదా. ఆయన కొరడా పట్టుకుని నిలబడితే పార్లమెంటు సభ్యులు బల్లల కింద దాక్కుంటారు. వియన్నా పత్రిక ‘ఫిగారో’లో 1870 మార్చి 5న వచ్చింది. ఒక బడి పరీక్షలో దీనిమీద ప్రశ్న ఇచ్చారు. మా ట్యూషన్ పిల్ల ఒకతె ఇలా రాసింది: 1866లో ప్రష్యా చేతిలో ఆస్ట్రియా ఓడిపోయింది, ఈ బొమ్మ ఆ ఓడిన దేశపు రాజధానిలో వేసింది, అందుకని బిస్మార్క్ ఎలాంటివాడో దీన్నొక్కదాన్నీ చూసి తేల్చలేం, వియన్నా వాళ్లకు ఆయన ఎలా కనిపించాడో మాత్రం చెప్పగలం. దిద్దినవారు అడ్డగీత కొట్టి సున్నా వేశారు. జవాబు కీలో ఉన్నది ‘బిస్మార్క్ నిరంకుశత్వం, బలహీనమైన పార్లమెంటు’. దిద్దినవారిని నేను అనడం లేదు. కీలో లేనిదానికి మార్కు వేస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది వాళ్లే.

అయితే ఆ బొమ్మ కింద పుస్తకం వేసిన ప్రశ్న చాలా మంచిది. ప్రజాస్వామ్యం గురించి చిత్రకారుడు ఏం చెప్పదలిచాడని అడుగుతుంది. అంటే కొరడాను బిస్మార్క్ చేతిలో పెట్టినవాడు ఒకడున్నాడని, వాడికో పక్షం ఉందని గుర్తుచేస్తుంది. పరీక్ష దాకా వచ్చేసరికి చిత్రకారుడు మాయమై, కార్టూన్ కాస్తా ఫొటో అయిపోతుంది. ఇక ఈ చిత్రం వేసిందెవరు, నాలుగింటిలో ఒకటి గుర్తించండి అనే రకం ప్రశ్నలున్నాయి. వాటికి బొమ్మ చూడాల్సిన పనే లేదు, పేరు బట్టీపడితే చాలు.

మా పిల్లలకు కార్టూన్ చదవడం రాదనుకోకండి. బొగ్గు ర్యాకు దర్జాగా పోతుంటే ప్యాసింజర్ బండి పక్క లైన్లో కునుకు తీస్తున్నట్టు ఎవరైనా గీస్తే, బుధ్‌వారీ బజార్లో కూరగాయలమ్మే ఆవిడ కూడా నవ్వుతుంది. ఎవరిని వెక్కిరించారో, ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ బతుకుతున్నాం కనుక సందర్భం మాకు తెలుసు. 1870 నాటి వియన్నా సందర్భం తెలియాలంటే బొమ్మ కింద పత్రిక పేరు, ఊరు, తేదీ ఉండాలి. అవి కత్తిరించి బొమ్మ ఒక్కటే అచ్చువేస్తే పిల్లలు దేన్ని పట్టుకుని ఆలోచించాలి?

ఆ తేదీ సరైనదై ఉండాలని కూడా మనవి. విక్టర్ ఇమాన్యుయేల్ రాజు కాలికి ఇటలీ ఏకీకరణ యోధుడు గరిబాల్డీ ‘ఇటలీ’ అనే బూటు తొడిగే కార్టూన్‌కు నా దగ్గరున్న ప్రతిలో 1859 అని ఉంది. గరిబాల్డీ వెయ్యిమందితో సిసిలీలో దిగిందే 1860 మేలో. రాజును కలిసి దక్షిణాన్ని అప్పగించింది ఆ ఏడు అక్టోబరు చివర్లో. లండన్ ‘పంచ్’ పత్రికలో ఈ బొమ్మ వచ్చింది నవంబరు 17న. ఈ వరస తెలిస్తే గరిబాల్డీ బూటు అడుగునే ఎందుకు పట్టుకున్నాడో పిల్లలే చెబుతారు. ఇటలీ మ్యాపులో అడుగుభాగం దక్షిణమే కదా. పుస్తకం మీది కాదని తెలుసు, కానీ దాన్నుంచి ప్రశ్న తీసేది మీరే.

ఒకే జవాబు కీ ఎంత ఇరుకో 2012లో దేశమంతా చూసింది. 1949లో కార్టూనిస్టు శంకర్ వేసిన బొమ్మలో రాజ్యాంగం నత్త, దాని మీద కొరడాతో అంబేద్కర్, వెనక కొరడా ఎత్తిన నెహ్రూ. పదకొండో తరగతి పుస్తకంలోని ఆ బొమ్మపై 2012 మే 11న పార్లమెంటు దద్దరిల్లింది. ప్రభుత్వం దాన్ని తీసేస్తామంది. పుస్తక సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్శీకర్ రాజీనామా చేశారు. కొరడా దెబ్బ నత్తకే అన్నవారి దగ్గర ఆధారం ఉంది, రాజ్యాంగ రచన నత్తనడకన సాగుతోందన్న విమర్శ అప్పట్లో ఉండేది. అంబేద్కర్ వెనక ఒక బ్రాహ్మణుడు కొరడా ఎత్తడం చూసి మనసు నొచ్చుకున్న దళితుల దగ్గరా ఆధారం ఉంది, అది వాళ్ల చరిత్రే. నన్నడిగితే బొమ్మ తీసేయడం తప్పు. బాధపడ్డవారికి కార్టూన్ చదవడం రాదని ఎద్దేవా చేయడం అంతకన్నా తప్పు. ఆ రెండు జవాబుల్లో ఏది రాసినా, బొమ్మలోంచీ కాలంలోంచీ రుజువు చూపిన పిల్లలకు పూర్తి మార్కులు పడాలి.

అందుకే మూడు మార్కుల ప్రశ్నయితే ఒకటి బొమ్మలో కనిపించేదానికి, ఒకటి ఆనాటి సంగతులకు, ఒకటి చిత్రకారుడి పక్షం పసిగట్టినందుకు ఇవ్వండి. రుజువుతో రాసిన వేరే జవాబునూ ఒప్పుకోవచ్చని దిద్దేవారికి కీలోనే రాసివ్వండి. చూపులేని విద్యార్థులకు ఇప్పుడు బొమ్మ ప్రశ్నకు బదులు వేరే ప్రశ్న ఇస్తున్నారు. దాని బదులు బొమ్మలో ఎవరెక్కడున్నారో, చేతుల్లో ఏముందో, కింద ఏం రాసుందో నాలుగు వాక్యాల్లో వర్ణించి అదే ప్రశ్న అడిగి చూడండి.

ఇట్లు,
బిలాస్‌పూర్ నుంచి ఒక చరిత్ర ట్యూషన్ మాస్టారు