కవరు మీది చీటీ

పిన్ని కూతురి పెళ్లి కార్డుల కోసం పాతబస్తీలోని ఛత్తా బజార్‌కి వెళ్లాను. ఇటు చూసినా అటు చూసినా కార్డుల దుకాణాలే. ‘‘నమూనా ఇంటికెళ్లి తీరిగ్గా చూస్కోండి సార్, లింకులు పంపిస్తా’’ అన్నాడు డిజైన్ చేసే కుర్రాడు. అన్నట్టే రాత్రికి మూడు లింకులు వచ్చాయి. మొదటిది నొక్కగానే కార్డు బొమ్మ తెరమీద మెరిసింది. రెండోది పీడీఎఫ్, అదీ అక్కడే తెరుచుకుంది. మూడోది నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ‘‘పాడైపోయిందేమోరా’’ అంది పిన్ని. వెతికితే డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో నిక్షేపంగా ఉంది... కోరల్‌డ్రా ఫైలు!

కార్డు ఒకటే, మర్యాదలు మూడు. ఎందుకిలా?

ఫైలు పేరు చివర ఉండే అక్షరాలను బట్టి అనుకుంటాం మనం. కానీ బ్రౌజరు ముందుగా చూసేది పేరు కాదు. వెబ్‌సైటు ఏ ఫైలు పంపినా దానికి ముందు ఓ చీటీ పంపుతుంది, పెళ్లి కార్డు కవరు మీద రాసినట్టుగా. దాని పేరు ‘కంటెంట్-టైప్’. లోపల ఉన్నది బొమ్మా, పాటా, పీడీఎఫ్‌ఫా అన్నది అందులో ఉంటుంది. నిజానికి ఈ చీటీ పుట్టింది వెబ్ కోసం కాదు, ఈమెయిల్ కోసం. నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేసిన ‘మైమ్’ పద్ధతి అది. 1992 మార్చిలో బోరెన్‌స్టైన్ పంపిన అటాచ్‌మెంట్లో ఉన్నది... తన పాటల బృందం ఫొటో!

చీటీ మీద ‘బొమ్మ’ అని ఉంటే బ్రౌజరు తనే చూపించేస్తుంది. పీడీఎఫ్‌కి ఒకప్పుడు వేరే సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చేది. 2010లో క్రోమ్, 2013లో ఫైర్‌ఫాక్స్ ఆ విద్య సొంతంగా నేర్చుకున్నాయి. కోరల్‌డ్రా మాత్రం వాటికి తెలియని భాష. తెలియనిదాన్ని భద్రంగా దాచి మనకే వదిలేస్తాయి. ఉర్దూ కార్డులకు వాడే ఇన్‌పేజ్ ఫైళ్లదీ అదే కథ. అందుకే చాలా ఉర్దూ పత్రికలు ఏళ్ల తరబడి తమ వెబ్‌సైట్లలో వార్తలను కూడా బొమ్మలుగానే పెట్టాయి. ఒక్కోసారి ‘చూపించొద్దు, దాచు’ అని వెబ్‌సైటే చీటీకి ఇంకో మాట జోడిస్తుంది. అప్పుడు మామూలు ఫొటో కూడా డౌన్‌లోడ్స్‌లోకే పోతుంది.

మరి చీటీయే లేకపోతే? బ్రౌజరు కవరు కాస్త చింపి మొదటి అక్షరాలు చూస్తుంది. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, దాని పక్కనే పీడీఎఫ్ అన్న అక్షరాలు ఉంటాయి. జిఫ్ బొమ్మ కూడా తన పేరుతోనే మొదలవుతుంది. ఈ తెలివే ఓసారి కొంప ముంచింది. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ చీటీ మీద ‘బొమ్మ’ అని ఉన్నా లోపలికి తొంగిచూసి, వెబ్‌పేజీ కోడ్ కనిపిస్తే దాన్ని నడిపించేసేది. దొంగలకు అంతకన్నా ఏం కావాలి? చివరికి 2009లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 8తో ‘తొంగిచూడొద్దు’ అని వెబ్‌సైటు ఆజ్ఞాపించే ఏర్పాటు చేశారు. ‘నోస్నిఫ్’ అనే ఆ మాటను ఇప్పుడు ముఖ్యమైన బ్రౌజర్లన్నీ పాటిస్తున్నాయి.

బ్రౌజరు ఇంత జాగ్రత్త నేర్చుకుంటే దొంగలు ఏం చేశారు? దాన్ని వదిలేసి మనల్ని పట్టుకున్నారు. 2024లో వాట్సప్‌లో పెళ్లి కార్డుల పేరుతో ఏపీకే ఫైళ్లు తిరిగాయి. హిమాచల్ ప్రదేశ్ సైబర్ పోలీసులైతే ఆ ఏడాది చివర్లో జనాన్ని హెచ్చరించారు కూడా. ఏపీకే అంటే కార్డు కాదు, ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్‌ని ఎక్కించే ఫైలు. ‘తెలియని చోటు నుంచి వచ్చింది, ఎక్కించమంటారా?’ అని ఫోను అడుగుతుంది పాపం. ఎవరి పెళ్లో చూద్దామన్న తొందరలో సరే అంటాం. ఆపైన ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతీ ఇచ్చామా, బ్యాంకు ఓటీపీలు నేరుగా దొంగ చేతికే!

మొన్న పిన్ని ఫోన్ చేసింది. ‘‘తెలియని నంబరు నుంచి శుభలేఖ వచ్చిందిరా, తెరుచుకోవట్లేదు, ఏదో అడుగుతోంది.’’

‘‘పేరు చివర ఏముంది పిన్నీ?’’

‘‘ఏ... పీ... కే.’’

‘‘దేనికీ సరే అనకు. తీసిపారెయ్.’’

‘‘సర్లే’’ అని ఒక్క క్షణం ఆగింది. ‘‘ఇంతకీ పెళ్లి ఎవరిదంటావ్?’’