ఈ వారం విన్నవి
ఈ వారం నన్ను వదలనిది చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన ఈయన 1982లో రోలండ్ సింథసైజర్, బేస్ యంత్రం, డ్రమ్ యంత్రం ముందు పెట్టుకుని పది రాగాలను డిస్కో దరువు మీద రికార్డు చేశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాకే ప్రపంచం చెవి ఒగ్గింది. అందులో మాల్కౌన్స్ వినండి. అది మన హిందోళమే. కింద బేస్ ఒకేచోట గిరగిరా తిరుగుతుంటే పైన స్వరం జారుతూ, సాగుతూ, ఎక్కడా తొందరపడకుండా రాగాన్ని విప్పుతుంది. తర్వాత ఇథియోపియా సన్యాసిని ఎమహోయ్ పియానో విన్నాను; ఆవిడ లయ ఊపిరిని బట్టి నడుస్తుంది. గాయని వష్టి బన్యన్ 1970 నాటి ఆల్బమ్ అమ్ముడుపోక ఆమె సంగీతమే మానేశారు, అది మళ్లీ వెలుగు చూడటానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఎంత అన్యాయం! పాటల యాప్‌లు ఎక్కువగా మనం ఇదివరకు విన్నవాటిలాంటివే మళ్లీ ముందుకు తెస్తాయి. కాబట్టి మీకు దొరికిన మంచి ఆల్బమ్‌ను దాచుకోకండి. ఊరికే లింకు పంపి ఊరుకోవద్దు. ఏ పాట దగ్గర ఆగిపోయారో, ఎందుకో రెండు ముక్కలు రాయండి. చరణ్‌జిత్ నాకు అలాంటి రెండు ముక్కల వల్లే దొరికారు.