ఇంటి పనికి కరెంటు మిషన్లు

సిద్దిపేట నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "డాక్టరు గారూ, మావారు ఈమధ్యే రిటైరయ్యారు. ఊరికే కూచోలేక ఇంటి పనులన్నీ తానే చేస్తానంటూ డ్రిల్లింగ్ మిషనూ, కటింగ్ మిషనూ ఉన్న పెట్టె ఒకటి తెప్పించారు. ఆయనకు షుగరు ఉంది. గుండెకు స్టెంటు వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. నేను వద్దంటే, 'ఇదేమన్నా తుపాకీయా?' అని నవ్వుతున్నారు. మీరైనా చెప్పండి" అని.

అమ్మా, మీవారి ఉత్సాహాన్ని నేను కాదనను. రిటైరైన మనిషి గోడకు అర బిగిస్తానంటే ఇంట్లోవాళ్లు సంతోషించాలి. పొద్దస్తమానం టీవీ ముందు కూచోవడం కంటే ఒంటికి అదే మంచిది. కాని ఆ పెట్టెలో ఉన్న రెండు మిషన్లూ ఒక కోవకు చెందినవి కావు. డ్రిల్లును ఉంచుకోనివ్వండి. కటింగ్ మిషనును మాత్రం వీలైతే షాపులో తిరిగి ఇచ్చేయమనండి. ఎందుకో చెబుతాను.

చేతిలో పట్టుకుని వాడే నాలుగంగుళాల కటింగ్ మిషను నిమిషానికి సుమారు 11 వేల చుట్లు తిరుగుతుంది. లెక్క వేస్తే ఆ బిళ్ల అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నదన్నమాట. మన రాజీవ్ రహదారి మీద కార్లు కూడా అంత వేగంతో పోవు గదా! పైగా స్విచ్చి ఆపగానే బిళ్ల ఆగదు, కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఆపేశాననుకుని ఒళ్లో పెట్టుకుని తొడ కోసుకున్నవాళ్లకు నేనే కుట్లు వేశాను.

అసలు ప్రమాదం ఎక్కడ జరుగుతుందో చూడండి. పాత గచ్చు మీద కొత్త టైల్స్ వేయించుకుంటారు. నేల అర అంగుళం లేస్తుంది. తలుపు కింద రాసుకుంటుంది. వడ్రంగి రేపు, మాపు అంటాడు. ఇంట్లో కుర్రవాడు కటింగ్ మిషనుకు పళ్ల బ్లేడు తగిలించి తలుపు కింద కోయబోతాడు. ఇనుము కోయడానికీ, రాయి కోయడానికీ తయారైన మిషను అది. కర్ర కోసే పళ్ల బ్లేడుకు అది తగదు. కర్రలో బ్లేడు ఇరుక్కున్న క్షణంలో మిషను ఒక్క తన్ను తన్ని పట్టుకున్న మనిషి వైపే వస్తుంది. బ్లేడు గార్డుకు అడ్డం తగులుతున్నదని చాలామంది ముందే ఆ గార్డు విప్పి పక్కన పడేస్తారు. ఇక చేతికీ బ్లేడుకూ మధ్య ఏమీ ఉండదు. ఎడమ చెయ్యి, బొటనవేలు, ఒక్కొక్కసారి మెడ కూడా తెగుతాయి. "సార్, జర్రంత కోసుడే ఉండె, గింతల్నే అయిపోయింది" అంటూ తువ్వాలు చుట్టుకుని వచ్చిన కుర్రాళ్లను తలుచుకుంటే నాకిప్పటికీ బాధగా ఉంటుంది. అమ్మేవాడు కూడా "కర్రకు ఈ బ్లేడు పడుతుంది" అని అడగకుండానే ఇస్తాడు. పడుతుంది, నిజమే. పట్టడం వేరు, పనికిరావడం వేరు.

ఇనుప పైపు లాంటిది కోయక తప్పని ఇంట్లో కటింగ్ మిషను ఉంచుకోదలిస్తే, గార్డు, పక్క పిడి రెండూ ఉండాలి. స్విచ్చి మీద చెయ్యి తీయగానే ఆగిపోయే రకం తీసుకోవాలి. బిళ్ల మీద రాసి ఉన్న చుట్ల సంఖ్య మిషను మీద రాసి ఉన్నదాని కంటే ఎక్కువ ఉండాలి. ఇనుము కోసే పలచని బిళ్లలకు మందులకు ఉన్నట్టే గడువు తేదీ ఉంటుందని చాలామందికి తెలియదు. మధ్యనున్న ఇనుప రింగు మీద చూడండి. గడువు దాటినవీ, కింద పడినవీ, తడిసినవీ తిరుగుతూ తిరుగుతూనే పగిలి ముక్కలు ఎగురుతాయి.

ఇప్పుడు డ్రిల్లు సంగతి. ఇంట్లో దేవుడి పటాలకూ, కర్టెన్లకూ, అరలకూ 10 మిల్లీమీటర్ల చిన్న డ్రిల్లు చాలు. కాంక్రీటు స్లాబుకు బెజ్జం పెట్టాలంటేనే హ్యామర్ రకం కావాలి. షాపులో దాన్ని చేత్తో ఎత్తి, చెయ్యి ముందుకు చాపి, ఒక నిమిషం పట్టుకుని చూడండి. చెయ్యి వణికితే అది మీ మిషను కాదు, ధర ఎంత తగ్గించినా సరే. ఒంటి మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది రెండు పొరల రక్షణ ఉన్న మిషనని అర్థం. అలాంటిదానికి రెండు పిన్నుల వైరు ఉన్నా ఫరవాలేదు. ఆ గుర్తు లేని ఇనుప ఒంటి పాత మిషను అయితే మూడు పిన్నుల ప్లగ్గు, ఇంట్లో సరైన ఎర్తు రెండూ ఉండి తీరాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల లీకేజీకి పడిపోయే ట్రిప్పరు లేకపోతే, డ్రిల్లు కొనే డబ్బుతో ముందు అది పెట్టించుకోండి.

గోడలో వైర్లు సాధారణంగా స్విచ్చి బోర్డు నుంచి నిలువుగా పైకో, అడ్డంగానో పోతాయి. అందుచేత బోర్డుకు సరిగ్గా పైన, పక్కన, కింద బెజ్జం వేయకండి. బాత్రూము గోడకు ఇవతలి వైపు వేసేటప్పుడు అవతల కుళాయి ఎక్కడుందో చూసుకోండి. బిట్టు ఇరుక్కుంటే మిషను మణికట్టును మెలితిప్పుతుంది. పక్క పిడి ఇచ్చింది అందుకే. రెండు చేతులతో పట్టుకోవాలి, కుర్చీ మీద కుర్చీ వేసి ఎక్కకూడదు.

గ్లౌజులు వేసుకుంటే మంచిదనుకుంటారు. డ్రిల్లు దగ్గర అది పొరపాటు. తిరిగే బిట్టు గుడ్డను పట్టుకుందంటే చేతిని కూడా లాక్కుపోతుంది. ముంజేతి దారాలు, పొడుగు చేతుల చొక్కా, పమిట కొంగు, చున్నీ, విరబోసిన జుట్టు అన్నీ అంతే. ఉంగరం ముందే తీసేయండి. అది చిక్కుకుంటే వేలి చర్మం తొడుగులా ఊడి వస్తుంది. అలా ఊడిన వేలిని కాపాడడం తెగిన వేలి కంటే కూడా కష్టం.

కళ్ల విషయంలో నాకు బోధించే అర్హత ఎంత ఉందో చెప్పలేను. ఒకసారి మా ఇంట్లో బట్టలారేసే ఇనుప రాడ్డు కోస్తూ, చదువుకునే కళ్లద్దాలున్నాయి గదా అనే ధీమాతో ఊరుకున్నాను. నలుసు పక్కనుంచి వచ్చి పడింది. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారి కంటి డాక్టరయిన మిత్రుడు ఆ ఇనుప రజను తీసి, దాని చుట్టూ పట్టిన తుప్పు మరక కూడా గీకి, "ఇతరులకు చెబుతుంటావు గదా" అన్నాడు. పక్కలు మూసి ఉండే పాలీకార్బొనేట్ అద్దాలు కొనడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కంట్లో ఏదైనా పడితే నలపకండి. మంచినీళ్లతో కడగండి. పోకపోతే చీర కొంగుతో, అగ్గిపుల్లతో తీయించుకోకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే, ఎర్రదనం తగ్గినట్టే ఉండి లోపల కురుపు ముదురుతుంది. సుత్తితో ఉలి మీద కొట్టేటప్పుడు ఎగిరిన ముక్క మరీ మోసకారి. అది కంటి లోపలికి దూరిపోయినా మొదటి రోజు నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, చూపు బాగానే ఉండవచ్చు. అయినా ఆ రోజే చూపించాలి.

టైల్సు, గ్రానైటు కోసిన దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది గనుక వాటి జోలికే పోకండి. ఈ కోతలు నీళ్ల ధారతో చేయాలి. కరెంటు మిషను, నీళ్లు కలిసే పని ఇంట్లోవాళ్లది కాదు, మేస్త్రీది.

అన్నట్టు, చెట్లు కోసే చైను రంపం కూడా ఇప్పుడు ఇళ్లలోకి వస్తున్నది. 18వ శతాబ్దం చివర చైను రంపాన్ని చేత్తో లాగే చిన్న పరికరంగా తయారుచేయించినవాళ్లు స్కాట్లాండులోని ఇద్దరు వైద్యులు, ఎముక కోయడం కోసం! ఎముక ఎంత సులువుగా తెగుతుందో దాన్నిబట్టి గ్రహించండి.

ఇంత చెప్పినా దెబ్బ తగలవచ్చు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోండి. మధ్యమధ్య తీసి చూడకుండా 10 నిమిషాలు అలాగే ఉంచండి. పసుపు, కాఫీపొడి, సున్నం వద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి ఇంకొంచెం సేపు అదమవలసి వస్తుంది. అలాగని మిషను పని ఉందంటూ ఆ మాత్రలు మానకూడదు, అది దెబ్బకంటే ప్రమాదం.

చాలామంది ధనుర్వాతం సూది వేయించుకుంటే పని అయిపోయిందనుకుంటారు. ఒకతనికి చూపుడువేలు మొదట అంగుళం గాటు పడింది. ఎక్కడో సూది వేయించుకుని, కట్టు కట్టించుకుని ఇంటికి పోయాడు. మూడు వారాల తర్వాత వేలు వంగడం లేదని మా దగ్గరికి వచ్చాడు. లోపలి నరం తెగింది. జనం నరమంటారు గాని, వేలిని వంచే తాడులాంటిది అది. మొదటి రోజే కుడితే బాగుండేది. అందుచేత గాటు ఎంత చిన్నదైనా, ఆ వేలు ఒక్కొక్క కణుపు దగ్గరా వంగుతున్నదా, చివర స్పర్శ తెలుస్తున్నదా అని చూసుకోండి. ఏ ఒక్కటి లేకపోయినా కుట్లతో సరిపెట్టుకోవద్దు.

వేలు పూర్తిగా తెగిపోతే దాన్ని నేరుగా ఐసులో వేయకండి. ఐసులో గడ్డకట్టిన వేలు అతకడానికి పనికిరాదు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్ల డబ్బాలో ఉంచండి. వెంటనే 108కి ఫోను చేయండి. అతికించే సర్జన్లు అన్ని ఊళ్లలో ఉండరు. హైదరాబాదు మనకు సుమారు 100 కిలోమీటర్లు. ఇలా చల్లగా ఉంచిన వేలికి ఆ ప్రయాణం చేసే వ్యవధి ఉంటుంది గనుక కంగారుపడి దాన్ని పారేయకండి.

ఇక మీవారి సంగతి. స్టెంటుకు మిషను వల్ల ఏమీ కాదు. పేస్‌మేకరు ఉన్నవారైతే డ్రిల్లును దానికి కనీసం ఆరంగుళాల దూరంలో పట్టుకోవాలి. ఆయన భోజనం చేయకుండా, షుగరు మాత్ర మింగి పనికి దిగకూడదు. చేతులు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గి ఉంటే డ్రిల్లు కూడా వద్దు. జలుబు మాత్ర వేసుకుని మత్తుగా ఉన్న రోజూ వద్దు. షుగరున్నవారు ఏడాదికొకసారి కంటి వెనక పొర చూపించుకోవాలి. ఆయన చూపించుకుని ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. మిషను ప్లగ్గులో పెట్టేముందు ఆ పరీక్ష చేయించండి.